పరగడుపు మాటలు

అంకయ్య బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. బెల్లంపల్లిలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, భార్య దుర్గవ్వ పుట్టిన ఊరు జమ్మికుంటలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. వచ్చి ఎనిమిదేళ్లయింది. ఆ ఎనిమిదేళ్లలో ఆయన మాటలు కొంచెం కొంచెంగా ఎండిపోయాయి.

కాలనీలో ఉన్నన్నాళ్లు అట్లా ఉండేది కాదు. ఫస్ట్ షిఫ్టు వాళ్లు మూడింటికి పైకొచ్చి, స్నానాలు చేసి, నాలుగయ్యేసరికి క్వార్టర్ల ముందు మంచాలు వాల్చుకునేవాళ్లు. పక్క క్వార్టరు రాజేశం వచ్చేవాడు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చి, తెలుగులో తిట్లు మాత్రం ముందుగా నేర్చుకున్న ఓంప్రకాశ్ వచ్చేవాడు. బాయిలో ఏ లెవెల్లో నీళ్లు ఊరుతున్నాయి, ఎవరి టోపీ లైటు మధ్యలో ఆరిపోయింది, పని చూసే కొత్త సర్దార్ ఎవరి మీద అరిచాడు, అన్నీ అక్కడే తేలేవి. అంకయ్య గొంతు నాలుగు ఇండ్ల అవతలికి వినపడేది. దుర్గవ్వ లోపల రొట్టెలు కొడుతూ ఆ గొంతును బట్టే ఆయన ఎక్కడున్నాడో చెప్పగలిగేది.

జమ్మికుంటలో అరుగుల మీద మాటలన్నీ పత్తివే. తేమ ఎంత, రేటెంత, యార్డులో ఎన్ని బండ్లున్నాయి. అంకయ్య పక్కన కూర్చుని వినేవాడు. బాయి సంగతి ఆయనను ఎవరూ అడగలేదు, ఆయనా ఎత్తలేదు. కొన్నాళ్లకు అరుగుల మీదికి పోవడం మానేశాడు. ఇంట్లో కూడా “అన్నం పెట్టు”, “గోలి ఇయ్యి” అనే రెండు ముక్కలే మిగిలాయి. బిడ్డలిద్దరూ పెండ్లిళ్లయి ఒకతె మెట్‌పల్లిలో, ఒకతె ఖానాపూర్‌లో సంసారాలు చేసుకుంటున్నారు. వాళ్లు ఫోను చేస్తే “మంచిగనే ఉన్న, మీ అవ్వకిస్త” అని ఫోను దుర్గవ్వ చేతిలో పెట్టేవాడు.

షుగర్ ఉందని పద్నాలుగేళ్ల కింద కంపెనీ దవాఖానలో చెప్పారు. బాయికి నడిచిపోయి, లోపల మళ్లీ మైళ్లు నడిచి, ఎనిమిది గంటలు చెమటోడ్చే మనిషికి రెండు చిన్న గోలీలతోనే అది అదుపులో ఉండేది. ఇక్కడికొచ్చాక నడక తగ్గింది, మోకాళ్లు పట్టేశాయి. పోయిన ఎండాకాలం ఖానాపూర్‌లో మనవరాలు హర్షిణి ఓణీల పండుగకు పోయి వారం రోజులు ఉండి వచ్చాక పరీక్ష చేయిస్తే రెండు వందల ఎనభై వచ్చింది. బజార్లో ఒక ప్రైవేటు డాక్టరు చూసి, గ్లిమిపిరైడ్ గోలి ఒకటి ఉన్నదాన్ని రెండు చేశాడు. అంకయ్య ఆ రోజు నుంచి రాత్రి అన్నం మానేసి సగం జొన్నరొట్టెతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టాడు. బాయిలో పనిచేసిన మనిషి. చెప్పింది చెప్పినట్టు, ఇంకొంచెం ఎక్కువే చేసే అలవాటు.

వానాకాలం నడుమ ఒక తెల్లవారుజామున, ఐదు దాటాక, దుర్గవ్వ పొయ్యి ముందు చాయ తాగుతుంటే ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒంటి మీద అంగీ నీళ్లలో ముంచినట్టు తడిసిపోయింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి.

“దుర్గీ, నా బూట్లేవి? సైరన్ ఇనవడలేదా నీకు?”

ఆమె ఉలిక్కిపడింది. దుర్గీ అని ఆయన పిలిచి ఎన్నేళ్లయిందో. పెద్దబిడ్డ ఉమారాణి పుట్టిన నాటి నుంచి ఆమె “ఉమవ్వ” అయిపోయింది. కల వచ్చిందేమోననుకుని, తన చేతిలో ఉన్న చక్కెర చాయనే ఆయనకు తాగించింది. కాసేపటికి ఆయన చూపు నిలిచింది. గోడల వైపు, ఆమె వైపు చూసి, ఏమీ ఎరగనట్టు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

పది రోజుల తర్వాత మళ్లీ అట్లాగే అయింది. ఆ తర్వాత మళ్లీ. తియ్యటి చాయ తాగితే తేరుకుంటున్నాడని దుర్గవ్వకు తెలిసిపోయింది. రోజూ పొద్దున్నే ఒక గ్లాసులో చక్కెర ఎక్కువేసి సిద్ధంగా పెట్టుకునేది. ఆ చాయ తాగాకే అంకయ్య నెలకొకసారి ల్యాబుకు పోయేవాడు. తొమ్మిదింటికి రక్తం తీస్తే రెండు వందల నలభై, రెండు వందల అరవై వచ్చేది. ప్రైవేటు డాక్టరు కాగితం చూసి పొద్దుమీకి, అంటే సాయంత్రం పూట, మరో గోలి పెట్టాడు. అయినా తగ్గలేదని అంకయ్య ఎవరికీ చెప్పకుండా ఆ ఒకటిని రెండు చేసుకున్నాడు. గోలీలు పెరిగాయి. తెల్లవారుజామున ఆయన లేచి బూట్లు వెతుక్కునే రోజులూ పెరిగాయి.

దుర్గవ్వ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పక్కింటి జమున ఆశా వర్కరు. రోజూ గోడ మీది నుంచి పలకరించేది. ఆమెకూ చెప్పలేదు. బిడ్డలకూ చెప్పలేదు.

ఎందుకంటే ఆ పొద్దుల్లో ఆయన మాట్లాడేవాడు. ఎనిమిదేళ్లుగా మూతపడ్డ నోరు తెరుచుకునేది. ఒకనాడు ఆమె చేయి పట్టుకుని, “గీ ఆయితారం టాకీసుకు పోదాం దుర్గీ. రాజేశం, వాళ్లామె గూడ వస్తరట. గా నీలిచీర కట్టుకో” అన్నాడు. ఆ నీలిచీర ఎప్పుడో చినిగి బొంతలోకి పోయింది. ఇంకోనాడు క్వార్టరు వెనుక వాళ్లిద్దరూ పెట్టిన సొరపాదుకు నీళ్లు పట్టావా అని అడిగాడు. దుర్గవ్వ “పట్టిన” అంది. అట్లా అన్నందుకు తనకే నవ్వొచ్చింది. పెండ్లయి కొత్తగా కాలనీకి వచ్చిన రోజులు, బొగ్గు మసి వాసన, మూలమీది కుళాయి దగ్గర బిందెల వరుస, అన్నీ ఆ పది నిమిషాల్లో ఇంట్లోకి వచ్చి కూర్చునేవి. చాయ గ్లాసు చేతిలోనే ఉండేది. వెంటనే తాగించకుండా ఇంకొంచెంసేపు వినాలనిపించేది. వినేది.

కార్తీకం పోయాక ఒక పొద్దున ఆయన గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

“బండ సప్పుడు బాగలేదు దుర్గీ. నిన్న కొట్టి చూసిన, డొల్లగ ఇనవడ్డది. నాకు ఇయ్యాల దిగబుద్ధయితలేదు. బాపుకు చెప్పకు. పిరికోడంటడు.”

బాపు, అంటే ఆయన తండ్రి, పోయి చాలా ఏళ్లయింది. నలభై రెండేళ్ల కాపురంలో ఆయన నోట భయం అన్న సంగతి ఆమె వినలేదు. రోజూ క్యారియరు కట్టి పంపింది, సాయంత్రం మసి మొహంతో వస్తే నీళ్లు తోడింది. లోపల ఏముంటుందో అడిగితే “ఏముంటది, శీకటి ఉంటది” అని నవ్వేవాడు. ఆడవాళ్లను బాయిలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఆమె చూడలేదు. ఇప్పుడు ఈ మనిషి చల్లటి చేయి తన చేతిలో పెట్టి భయమవుతున్నదంటున్నాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో మూసింది. ఆ రోజు చాయ చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి తాగించింది.

పుష్యమాసంలో, చలి గట్టిగా ఉన్న ఒక ఉదయం, ఆయన లేచి “రాజేశం గేటుకాడ నిలవడ్డడు, నేను పోవాలె” అన్నాడు. దుర్గవ్వ చాయ గ్లాసు అందుకోబోయి ఆగింది. ఆయన రాజేశం గురించి ఇంకేం చెబుతాడోనని కూర్చుంది. ఇంతలో పాలాయన వాకిట్లోంచి పిలిచాడు. గిన్నె తీసుకుని పోయింది. జమున కనబడితే రెండు మాటలు మాట్లాడింది. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది.

పత్తి యార్డు వాళ్ల ఇంటికి అర కిలోమీటరు. సీజను కావడంతో ఇంకా తెల్లవారకముందే ట్రాక్టర్లు, ఆటోలు గేటు ముందు బారుగా నిలబడ్డాయి. అంకయ్య చెప్పులు లేకుండా, భుజాన తువ్వాలతో పోయి ఆ వరుసలో నిలబడ్డాడు. ముందున్న హమాలీ కరుణాకర్ భుజం తట్టి, “మస్టర్ పడ్డదా?” అని బాయి గేటు దగ్గర హాజరు సంగతి అడిగినట్టు అడిగాడు.

కరుణాకర్ మొదట తాగి వచ్చాడనుకున్నాడు. “ఏంది కాకా, పొద్దుగాలనే?” అని పక్కకు తప్పుకోబోయాడు. అంత చలిలో ఆ ముసలాయన మొహం మీది నుంచి చెమట కారడం చూసి ఆగాడు. వాసన చూస్తే మందు వాసన లేదు. “కాకా, ఏ ఊరు మీది?” అని అడుగుతుండగానే అంకయ్య కాళ్లు మడతపడ్డాయి. కరుణాకర్ ఆయనను పత్తి బోరాల మీద పడుకోబెట్టి 108కు ఫోను చేశాడు. ఎవరో నోట్లో నీళ్లు పోయబోతే, “మింగే తెలివి లేదు, ఊపిరి గొట్టంలకు పోతయి, ఆగున్రి” అని ఆపాడు. కరుణాకర్ వాళ్లమ్మకు షుగర్. ఇట్లాంటిది ఆయన ఒకసారి చూసి ఉన్నాడు.

అంబులెన్సులో వచ్చినతను వేలు పొడిచి చూస్తే షుగర్ ముప్పై ఆరే ఉంది.

దుర్గవ్వ, జమున వీధులన్నీ వెతికి, యార్డు దగ్గర సంగతి విని సర్కారు దవాఖానకు చేరేసరికి అంకయ్య చేతికి గ్లూకోజు ఎక్కుతున్నది. కళ్లు తెరిచాడు. డాక్టరు మమతారాణి నలభై ఏళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. దుర్గవ్వను బల్ల మీద కూర్చోబెట్టి అడిగింది.

“పెద్దమ్మా, ఏమేం గోలీలు ఏసుకుంటుండు?”

జమున ఇంటికి పోయి గోలీల డబ్బా తెచ్చింది. డాక్టరమ్మ అట్టలు చూసి, లెక్కపెట్టి, “పొద్దుమీకి గూడ రెండా? ఎవరు చెప్పిన్రు?” అంది.

మంచం మీది నుంచి అంకయ్య మెల్లగా, “ఒకటి డాక్టరు సాబు చెప్పిండు. ఒకటి నేనే ఏసుకున్న. తగ్గుతలేదు గదా అని” అన్నాడు.

“ఇట్ల పొద్దుగాల చెమటలు పట్టుడు, ఏదేదో మాట్లాడుడు ఇంతకుముందు అయిందా?”

అంకయ్య లేదన్నాడు. ఆయనకు నిజంగా తెలియదు. డాక్టరమ్మ దుర్గవ్వ వైపు చూసింది.

“అయింది” అంది దుర్గవ్వ తల దించుకుని. “శానసార్లు. చక్కెర చాయ ఇస్తే తెలివికొస్తుండె.”

“ఎన్నడూ ఎవరికీ చెప్పలే?”

జమున ఆశ్చర్యంగా దుర్గవ్వ వైపు చూసింది.

డాక్టరమ్మ గట్టిగా ఏమీ అనలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని విడమరిచి చెప్పింది. “చూడు పెద్దమ్మా. పొద్దుగాల షుగర్ బాగా పడిపోతుంది. నువ్వు చక్కెర చాయ తాపుతున్నవ్, అది పైకి లేస్తుంది. గప్పుడు పోయి రక్తమిస్తే ఎక్కువ కనవడ్తుంది. గది చూసి గోలి పెంచుతున్నరు. గోలి పెరిగినకొద్ది పొద్దుగాల ఇంక కిందికి పడ్తుంది. పైనుంచి రాత్రి తిండి తగ్గించిండు. గీ గోలి తిన్నా తినకపోయినా షుగర్‌ను దింపుతనే ఉంటది. రక్తంల చూస్తే కిడ్నీలు గూడ జర నెమ్మదైనయి, మందు ఒంట్ల ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంట్ల చాయ లేని రోజు అయి ఉంటే మనిషి దక్కకపోతుండె.”

ఆ మాటకు దుర్గవ్వ లేచి బయటికి పోయి గోడ పక్కన నిలబడింది.

మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా మళ్లీ పడిపోవచ్చని రెండు రోజులు దవాఖానలోనే ఉంచారు. నిజంగానే ఆ సాయంత్రం మళ్లీ అరవైకి దిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గ్లిమిపిరైడ్ పూర్తిగా ఆపేసింది. మొదటి నుంచి వేసుకుంటున్న రెండో గోలి, మెట్‌ఫార్మిన్‌ను సగం చేసింది. రాత్రి కడుపునిండా తినాలంది. జమున దగ్గరున్న మిషనుతో రోజూ పొద్దున లేవగానే, చాయ నోట పడకముందు వేలు పొడిచి చూసి, అంకె రాసుకుని రమ్మంది.

మొదటి వారం నూట తొంభై, రెండు వందల ఐదు వచ్చింది. అంకయ్య పరేషానయ్యాడు. “ఎక్కువైతుంది. ఒక్క గోలి ఏసుకుంట” అన్నాడు. దుర్గవ్వ ఆ పాత అట్టలన్నీ అప్పటికే దవాఖానలో ఇచ్చేసి వచ్చింది. వారం తర్వాత డాక్టరమ్మ అంకెలు చూసి వేరే రకం గోలి ఒకటి రాసింది. “గిది పెరిగిన షుగర్‌ను దించుతది కని, మనిషిని పడగొట్టది. నీ వయసుకు పరగడుపున నూట ముప్పై, నూట యాభై నడుమ ఉంటే చాలు బాపూ. తొంభై కావాలని దాని ఎంటవడకు” అంది. ఆ తర్వాత అంకెలు మెల్లగా దిగాయి. నూట డెబ్బై రెండు, నూట యాభై ఎనిమిది, నూట నలభై ఆరు. చెమటలు లేవు, వణుకు లేదు. మొహంలో కళ వచ్చింది. పొద్దున లేస్తే ఎక్కడున్నాడో ఆయనకు తెలుస్తున్నది.

లేచి ఊరికే కూర్చునేవాడు. వేలు చాపేవాడు. చక్కెర లేని చాయ తాగేవాడు. ఇంట్లో మళ్లీ ఏ చప్పుడూ లేదు.

మాఘమాసంలో ఒక ఉదయం మిషను మీద నూట నలభై రెండు వచ్చింది. దుర్గవ్వ అది రాసి పుస్తకం పక్కన పెట్టింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

“గింత మంచిగొస్తే మొకం గట్ల వెట్టినవేంది?”

“ఏం లే.”

“చెప్పు.”

ఆమె మిషను తుడిచి పెట్టింది. తర్వాత అంది, “నువ్వు గప్పుడు నాతోని మాట్లాడుతుంటివి. షుగర్ పడిపోయినప్పుడు. దుర్గీ అని పిలుస్తుంటివి. టాకీసుకు పోదామంటివి. సొరపాదుకు నీళ్లు పట్టినవా అని అడుగుతుంటివి. గందుకే ఎవలకు చెప్పలే. చాయ గూడ జరసేపు ఆపుతుంటి. నువ్వు యార్డుకు పోయిన నాడు గూడ ఆపిన. నీ పానం మీదికి తెచ్చిన.”

అంకయ్య చేతిలో గ్లాసు అట్లాగే ఉంది. “నాకేం యాదికి లేదు” అన్నాడు. “ఇంకేమన్న?” అని అడిగాడు.

“బండ డొల్లగ ఇనవడ్డదన్నవ్. దిగబుద్ధయితలేదన్నవ్. బాపుకు చెప్పకన్నవ్.”

ఆయన గ్లాసు కింద పెట్టి లేచి బయటికి పోయాడు. మధ్యాహ్నం దాకా రాలేదు. అన్నం వేళకు వచ్చి, మొహం చూడకుండా తిన్నాడు. మరునాడు కూడా ఒక్క మాట లేదు. చెప్పకూడనిది చెప్పానని దుర్గవ్వ లోపల కుమిలిపోయింది. ఉన్న రెండు ముక్కలు కూడా పోయాయనుకుంది.

మూడోనాడు సాయంత్రం రొట్టె తింటూ తింటూ ఆయన ఆగాడు.

“బండ ఊకె కూలదు. ముందుగాల చెప్తది. కర్రతోని కొడితే గట్టి బండ గంట లెక్క మోగుతది. పాడైంది కుండ లెక్క డొల్లగ ఇనవడ్తది. నేను దినాం కొట్టి చూస్తుంటి. దినాం భయమైతుండె. ముప్పై నాలుగేండ్లు.”

దుర్గవ్వ పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయింది.

“మరి ఎన్నడన్న ఒక్కమాట చెప్పకపోతివి?”

“చెప్తె నువ్వు పంపుతుంటివా? బిడ్డలు చిన్నగుండిరి.” కొంచెం నీళ్లు తాగాడు. “గంత ఇనాలని ఉంటే తెలివిల ఉన్నప్పుడే అడగకపోయినవా? నా షుగర్ పడిపోయేదాంక ఎందుకు ఆగినవ్?”

“అడిగితే చెప్తుంటివా?”

రొట్టె మాడిన వాసన వచ్చింది. ఆమె లేచి పెనం దించింది. ఆయన ఆ మాడిన రొట్టెనే అడిగి పెట్టించుకుని తింటూ, మొదటిసారి బాయి దిగిన రోజు సంగతి చెప్పాడు. ఇరవై నాలుగేళ్ల వయసట. తట్ట పట్టుకుని దిగాడట. టోపీ మీది లైటు ఆర్పి చూడమని సర్దార్ అంటే ఆర్పాడట. తన చేయి తనకే కనబడలేదట. అంత చీకటి భూమ్మీద ఎక్కడా ఉండదన్నాడు. దుర్గవ్వ అడుగుతూ పోయింది. లోపల వాన చప్పుడు వినబడేదా? క్యారియరు ఎక్కడ కూర్చుని తినేవాళ్లు? ఎలుకలు వచ్చేవా? ఎలుకలు వచ్చేవని, అవి ఉంటే ధైర్యంగా ఉండేదని, అవి పారిపోతే మనుషులూ లేచేవాళ్లని చెప్పాడు. ఆమె కాలనీ సంగతులు గుర్తు చేసింది. ఓంప్రకాశ్ హోలీకి అందరి మొహాలకు రంగు పూస్తే, అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన రాజేశం మసి మొహం మీద ఏ రంగూ అంటకపోవడం చెప్పింది. అంకయ్య పగలబడి నవ్వాడు. పక్కింట్లో జమున ఏమైందోనని గోడ మీది నుంచి తొంగి చూసింది.

అప్పటి నుంచి పొద్దున వేలు పొడవగానే ఆయనే ఏదో ఒకటి ఎత్తుకునేవాడు. అన్ని రోజులూ కాదు. కొన్ని రోజులు ఊరికే కూర్చునేవాడు. దుర్గవ్వ ఇప్పుడు ఆ మౌనానికి జంకేది కాదు, తోచింది అడిగేది.

ఎండలు ముదరకముందే ఒక ఉదయం ఇద్దరూ జమ్మికుంట స్టేషనులో రైలెక్కారు. నిర్ణయించింది అంకయ్యే. రైలు గోదావరి దాటుతుంటే ఆయన కిటికీకి ఆనుకుని, మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి అని స్టేషన్లు ముందుగానే చెబుతూ పోయాడు. ముందే ఫోను చేసి చెప్పడంతో బెల్లంపల్లిలో రాజేశం స్టేషనుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు, ఊపిరి ఎగపోస్తున్నది. అంకయ్యను చూసి, “ముసలోడివైనవ్ రా” అన్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని కాసేపు వదల్లేదు.

వాళ్ల క్వార్టర్ల వరుస కూలగొట్టేశారు. పునాదుల మీద తుమ్మచెట్లు మొలిచాయి. కుళాయి దిమ్మె మాత్రం ఉంది. బాయి మూసేసి ఐదారేళ్లయింది. దాని నోటికి కాంక్రీటు పోసి చుట్టూ కంచె వేశారు. దుర్గవ్వ కంచె పట్టుకుని ఆ బూడిదరంగు పలకను చూసింది. ముప్పై నాలుగేళ్లు తన మగడు రోజూ దిగిన చోటు ఇంత చిన్నదా అనిపించింది.

“గీడికెల్లేనా దిగేది?”

“గీడికెల్లే” అన్నాడు అంకయ్య. “గా పక్కన లైట్ల రూము ఉంటుండె.”

“లైట్ల రూము అటు కాదురా, ఇటు” అన్నాడు రాజేశం.

“నీకు యాదికి లేదు.”

“నాకా? నీకన్న రెండేండ్లు ఎక్కువ చేసిన.”

ఇద్దరూ కంచె వెంట నడుస్తూ, వేళ్లు చూపిస్తూ, గట్టిగా వాదులాడుకోసాగారు. అంకయ్య గొంతు నాలుగు ఇండ్ల అవతలికి వినబడేంతగా పెరిగింది, అక్కడ ఇండ్లు లేకపోయినా. పన్నెండు దాటింది. డాక్టరమ్మ తిండికి ఆలస్యం చేయొద్దంది. దుర్గవ్వ తుమ్మచెట్టు నీడన తువ్వాల పరిచి, రొట్టెలు, పప్పు తీసి, ఇద్దరినీ పిలిచింది. వాళ్లు తింటూ కూడా లైట్ల రూము ఎటుండేదో తేల్చుకోలేదు. తిరుగు రైలు మూడున్నరకు. ఆమె ఏమీ తొందరపెట్టలేదు.